పదకొండో పేజీ

“ఉప్పు నేను వేసినాను గదమ్మా! మళ్లా నువ్వెందుకు వేసినావు?”

వంటింటి గడప దగ్గర నిలబడి వకుళాదేవి అడిగింది. కోడలు రంగనాయకి చేతిలో చెంచా అట్లాగే ఉండిపోయింది. వేసిన ఉప్పు అప్పటికే పప్పులో కరిగిపోయింది.

“మీరు వేసినట్టు నాకు కనపడలేదు, అత్తయ్యా.”

“కనపడకపోతే వెయ్యనట్టేనా? రుచి చూడకూడదు, సరే. నోరు తెరిచి అడగొచ్చు గదా? పక్క గదిలో మాల కట్టుకుంటా ఉండాను గానీ ఏడుకొండలు దాటిపోయినానా?”

“మొన్న మరిచిపోయినారు గదా అని...”

“మొన్న మరిచిపోయినానని ఈ రోజు కూడా మరిచిపోయి ఉంటానని నువ్వే అనేసుకున్నావు. ఇప్పుడు స్వామికి ఉప్పు కషాయం ఆరగింపు పెట్టాల్నా?”

హాల్లో పేపరు చదువుతున్న సౌందరరాజన్ తల ఎత్తకుండానే, “ఒక ఉర్లగడ్డ దుంప కోసి వెయ్యండి, ఉప్పు లాగేస్తుంది,” అన్నాడు. “పప్పులో ఉర్లగడ్డ వేసేది మీ ఆఫీసులో నేర్పించినారా నాయనా?” అని తల్లి అటు తిరిగింది. అక్కడితో ఆ తగువు అయిపోయింది. వకుళాదేవి మాల దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె కోపం ఎప్పుడూ అంతే, పాలపొంగు. కానీ ఆమె వదిలి వెళ్లిన మాట మాత్రం వంటింట్లోనే, పొయ్యి పక్కన, పీట వేసుకుని కూర్చుంది. అడగొచ్చు గదా.

ఈ ఇంట్లో ఆరగింపు కాకముందు ఎవరూ రుచి చూడరు. రంగనాయకి పుట్టింట్లోనూ అంతే. నాలుక మీద వేసుకుని సరిచూసుకోవడం అనేది లేదు కాబట్టి చెయ్యి నమ్మాలి, కన్ను నమ్మాలి, పక్కవాళ్ల మాట నమ్మాలి. ఆమె తన చేతినీ కంటినీ నమ్మింది. ఇరవై ఏడేళ్లుగా నమ్ముతూనే ఉంది. మామిడికాయ ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండాలి, డబ్బాల మీద పేర్లు ఒకే వరుసలో ఉండాలి, వీధిలో ఎవరు పెళ్లిపత్రిక అచ్చు వేయించినా ముందు ఆమెకు చూపించి తప్పులు దిద్దించుకుంటారు. తప్పు కనపడితే ఆమె చెయ్యి ఊరుకోదు. పప్పులో ఇంకో దోసెడు పెసరపప్పు ఉడికించి కలపాలని పొయ్యి మీద నీళ్లు పెట్టింది. గోడ గడియారంలో పదకొండున్నర. ఆరగింపు పన్నెండున్నరకు. చింతపండు డబ్బా పక్కన, అలమరలో, ఫోను బోర్లా పడుకుని ఉంది. దాన్ని బోర్లించింది ఆమే. అందులో ఇరవై నాలుగు పేజీల జవాబుపత్రం నకలు ఉంది. పొద్దున తొమ్మిదికి వచ్చింది. పది పేజీలు చూసింది. పదకొండో పేజీ తెరవలేదు. తెరవాల్సిన పని లేదు, అందులో ఏముందో ఆమెకు తెలుసు, ఎందుకంటే ఆ చేతిరాత ఆమెదే.

రాత ఆమెది, పరీక్ష కృపారాణిది. ఐరాల దగ్గర పల్లెలో మామిడితోటలో కాపలా ఉండే రాజారత్నం కూతురు, ఇక్కడ తిరుపతిలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతోంది. చూపు తగ్గిపోయే జబ్బు. ముందు చీకట్లో కనపడలేదట, తర్వాత పక్కలు మూసుకుపోయాయట, ఇప్పుడు బొంగులో నుంచి చూసినట్టు ఇంత గుండ్రటి వెలుతురు మిగిలింది, అందులో అక్షరం ఆగదు. వేరేవాళ్లు రాసిపెట్టవచ్చు, కానీ వాళ్ల చదువు ఒక మెట్టు కింద ఉండాలి అని నిబంధన. హాస్టల్ వార్డెన్ తిరుమలమ్మ వీధిలో అందరినీ తలుచుకుని చివరికి ఇక్కడికి వచ్చింది. “నీదీ బీఎస్సీనే గదా రంగనాయకీ, రాత ముత్యాల్లా ఉంటాది, ఒక మెట్టు కింద ఉండేవాళ్లే కావాలంట,” అంటే, ఇన్నేళ్లకు ఆ డిగ్రీకి ఒక పని దొరికిందని, దానికి కావలసిన అర్హత కింద ఉండటమేనని, రంగనాయకి లోపల నవ్వుకుంది. నవ్వుకుంది గానీ ఆ కింద అన్న మాట ఎక్కడో గుచ్చుకుంది. అది అప్పుడు తెలియలేదు. ఇప్పుడు పెసరపప్పు నీళ్లలో పడి కిందికి దిగుతూ ఉంటే తెలుస్తోంది.

మొదటి నాలుగు పేపర్లూ బ్రహ్మాండంగా సాగాయి. కృపారాణి కళ్లు మూసుకుని, వేళ్లతో బల్ల మీద తాళం వేసుకుంటూ చెప్పేది. మధ్యలో జోకులు. జన్యువుల పాఠం గురించి ఒకసారి పరీక్ష హాలు బయట, చెట్టు కింద, “మా అమ్మ కాడ ఒక పాత నకలు, మా నాయన కాడ ఒక పాత నకలు, రెంటిలో ఒకే కాడ అచ్చుతప్పు. మేనరికం గదక్కా, రెండూ వచ్చి నా దగ్గిర కలుసుకున్నాయి,” అని పకపకా నవ్వింది. “కోపం రాదా నీకు?” అని అడిగింది రంగనాయకి. “ఎవురి మీద రావాలక్కా? ఆ తప్పులే పడకపోయింటే ఎవురికీ కండ్లే ఉండవు. మొదట్లో ఏముండాది? నకలు తీసుకునే ముక్క ఒకటి. అది తప్పులు తీసుకుంటా తీసుకుంటా వచ్చి మీరూ నేనూ అయినాము.” ఆ పిల్ల ఆ మాట చెప్పిన తీరు, మామిడితోటలో ఏ చెట్టు ఏ సంవత్సరం నాటారో చెప్పినంత తేలిగ్గా.

ఐదో పేపరు రోజు ఆ పిల్లకు జ్వరం. ఏప్రిల్ ఎండ, పైన ఫ్యాను తిరుగుతున్నా గాలి కదలని గది, ఇన్విజిలేటరు గుమ్మం దగ్గర కునుకు. చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకుపోతుంటే కాలిపోతోంది. ఒక ప్రశ్న మొత్తం వదిలేసింది. తర్వాతిది, జీవుల్లో జన్యు సమాచారం మొట్టమొదట ఎలా పుట్టింది, ఎలా మారుతూ వచ్చింది, చర్చించండి. కృపారాణి ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది. మొదట ఉన్నది డీఎన్‌ఏ కాదు, ప్రోటీనూ కాదు, ఆర్‌ఎన్‌ఏ అయి ఉండొచ్చు, ఎందుకంటే సమాచారాన్ని మోసేదీ అదే, రసాయన పని చేసేదీ అదే... రంగనాయకి కలం ఆగింది. ఆమె కళ్ల ముందు ఆమె కాలేజీ, నల్లబల్ల, ప్రసన్నకుమారి మేడం సుద్దముక్కతో గీసిన బాణం. డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ, అక్కడి నుంచి ప్రోటీను. బాణం వెనక్కి తిరగదమ్మాయిలూ అని ఆమె అన్న మాట. ప్రోటీను లేకుండా నకలు ఎవరు తీస్తారు? పిల్ల జ్వరంలో తడబడుతోంది, ముందుది వెనక, వెనకది ముందు పెట్టేస్తోంది అనుకుంది. అనుకోవడం కూడా కాదు. చెంచా ఉప్పు వేసినట్టే, చెయ్యి దానంతటది కదిలింది. మొదట డీఎన్‌ఏ అని రాసింది. నకలు తీయడానికి ఎంజైములు ముందే ఉన్నాయి అని రాసింది. కృపారాణి చెబుతూ పోయింది, రంగనాయకి దిద్దుతూ పోయింది, ఒకటి దిద్దితే దానికి అతకాలని ఇంకొకటి, దానికి అతకాలని మరొకటి, పదకొండో పేజీ మొదలు పదమూడో పేజీ సగం దాకా. అడుగున స్కేలు పెట్టి గీత కూడా కొట్టింది. గీత ఎంత తిన్నగా వచ్చిందో ఆమెకు గుర్తు.

తను రాసింది తప్పేమోనని ఆ సాయంత్రం దాకా ఒక్క నిమిషమైనా అనుమానం రాలేదు. ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, తన మంచితనం తను ఇంకోసారి చూసుకుని మురిసిపోదామని కూతురు శ్రీవేద కంప్యూటర్లో ఆ ప్రశ్న కొట్టి చూసింది. చదివింది. ఇంకో చోట చదివింది. కణంలో ప్రోటీన్లను అతికే యంత్రం ఉంది కదా, దాని గుండెకాయ ప్రోటీను కాదట, ఆర్‌ఎన్‌ఏనేనట, ఈ రోజుకీ. ఇది చాలామంది ఒప్పుకున్నదట, మిగతావాళ్లు కూడా ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే కాదు, పక్కన చిన్న చిన్న ప్రోటీను ముక్కలు తోడున్నాయేమో అంటున్నారట. కృపారాణి ఆ ముక్క కూడా చెప్పింది. జ్వరంలో, కళ్లు మూసుకుని, ఆ ముక్క కూడా వదలకుండా చెప్పింది. రంగనాయకి చదివిన పుస్తకంలో ఆ పాఠం లేదో, లేక ఉన్నా పరీక్షకు రాదని మేడం వదిలేసిందో.

పప్పు మెదిపింది. మెంతికూర వాసన వస్తోంది. తడిసి, ఎండి, మళ్లీ తడిసి, అట్లా ఏ గట్టునో, ఏ బంకమట్టి మీదో ఆ మొదటి ముక్కలు ఒకదానికొకటి అతుక్కున్నాయట. అప్పుడు చూసేవాళ్లు లేరు, చెప్పేవాళ్లు లేరు. పాఠమూ అదే, పాఠం చదివే నోరూ అదే. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమెకు తండ్రి గుర్తుకొస్తున్నాడు. ఆయన పుత్తూరు దగ్గర గుడిలో పిల్లలకు స్వామి మీద పాడే పాశురాలు నేర్పేవాడు. పుస్తకం ముట్టనిచ్చేవాడు కాదు. ఆయన ఒకసారి అంటే వీళ్లు రెండుసార్లు అనాలి. తాటాకులు తర్వాత వచ్చాయమ్మా, మనిషే ముందు పుస్తకం అనేవాడు. తెలుగు పిల్లలు, అరవ పాశురాలు, సగం మాటలకు అర్థం తెలియదు, అయినా అక్షరం పోకుండా వచ్చేది. తప్పు పోయినవాడి మీద ఆయనకు కోపం వచ్చేది కాదు, మళ్లా చెప్పు అనేవాడు. ఒకే ఒక్కసారి కోపం వచ్చింది. మునిప్రసాద్ అని తెలివైన పిల్లవాడు, అర్థం బాగుంటుందని ఒక మాట తీసి ఇంకో మాట పెట్టి చెప్పాడు. వాణ్ణి మూడు రోజులు పంక్తిలో కూర్చోనివ్వలేదు. “విన్నది చెప్పురా. నీకు తెలిసింది ఎవురడిగినారు? తెలియనోడు పాడు చేస్తే దిద్దుకోవచ్చు. తెలుసుననుకున్నోడు పాడు చేస్తే ఎవురికీ తెలియను కూడా తెలియదు.” ఏడేళ్ల రంగనాయకి స్తంభం పక్కన నిలబడి ఆ మాట విన్నది. నలభై ఏళ్లు గుర్తుపెట్టుకుంది. గుర్తుపెట్టుకుని, పరీక్ష హాల్లో కూర్చుని, మునిప్రసాద్ చేసిందే చేసింది.

డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు పక్కనే ఒక కాపలా ఎంజైము ఉంటుంది, తప్పు పడితే కత్తిరించి పారేస్తుంది, ఇది ఆమె బీఎస్సీలోనే చదివింది, చదివినప్పుడు అది తన చుట్టమే అనిపించింది. కానీ ఆ ఎంజైముకు తెలివి లేదు. ఎదురుగా ఉన్న మూలంతో పోల్చి చూస్తుంది, అంతే. ఇట్లా ఉంటే బాగుండును అనుకోదు. ఆ తెలివి లేకపోవడమే దాని గొప్పతనం. అది ఉండబట్టే పొడవైన సమాచారం నిలిచింది, లేకపోతే తప్పుల మీద తప్పులు పేరుకుని ఏ సంగతీ మిగలక కరిగిపోయేదట. ఇదీ కృపారాణి చెప్పిందే. ఇదీ రంగనాయకి తనకు తోచినట్టు మార్చి రాసిందే.

రెండు నెలలు. రెండు నెలలుగా ఏదో ఒక సమాధానం వెతుక్కుంటోంది. పాసైపోతుందిలే, మిగతా జవాబులు బాగున్నాయిలే. పోనీ, ఆ పిల్లే అంది కదా, తప్పులే లేకపోతే కళ్లే ఉండవని. పూలమొక్కలకు నీళ్లు పోస్తూ, దండెం మీద చీరలు ఆరేస్తూ ఆ మాటను ఎన్నిసార్లు నమిలిందో. లోకమంతా అచ్చుతప్పుల మీద నడుస్తుంటే నాదొక్కటీ ఒక లెక్కా అని. తీపి తగ్గేదాకా నమిలింది. కానీ ఆ మొదటి ముక్కకు తెలియదు. అది తప్పు తీసుకున్నప్పుడు దానికి తెలియదు, దానికి ఎవరూ ఏమీ అప్పజెప్పలేదు, అది ఎవరి ముందూ చెప్పింది చెప్పినట్టు రాస్తానని సంతకం పెట్టలేదు.

రాయడం ఒక్కటే అయితే పొరపాటు అనుకోవచ్చు. ఆ తర్వాతిది అట్లా అనుకోవడానికి వీల్లేదు. ఆ జవాబు అయ్యాక కృపారాణి చెమట తుడుచుకుని, “ఒకసారి సదవండక్కా, జరంలో ఏం సెప్పినానో,” అంది. రంగనాయకి పదకొండో పేజీ తిప్పింది. కాగితం మీద తన వాక్యాలున్నాయి. అవి చదివితే ఈ పిల్ల కాదంటుంది, వాదిస్తుంది, ఉన్నది నలభై నిమిషాలు, ఇంకో ప్రశ్న ఉంది. పాపం, ఆ పిల్ల మేలుకే. రంగనాయకి కాగితం వైపు చూస్తూ కాగితంలో లేనిది చదివింది. కృపారాణి చెప్పిన మాటలే, గుర్తున్నంత వరకు, ఒకదాని వెంట ఒకటి, తండ్రి దగ్గర నేర్చుకున్న జ్ఞాపకశక్తితో, తడబడకుండా వినిపించింది. “కరెక్టుగా ఉండాదక్కా,” అని ఆ పిల్ల నవ్వింది. జ్వరంలో ఎర్రబడిన ఆ ముఖం. ఆ తృప్తి.

చారుకు పోపు వేసింది. ఆవాలు చిటపటలాడాయి. కరివేపాకు. పొద్దున ఇదే పొయ్యి దగ్గర నిలబడే ఆ పిల్లతో ఫోనులో మాట్లాడింది. మూడు మార్కులు. ఆ పేపరొక్కటే పోయింది, మూడు మార్కుల్లో. నెలాఖరుకు పాసైన కాగితం చూపించకపోతే వచ్చిన పరిశోధన సీటు ఇంకొకరికి పోతుంది. “మా నాయన ఇంటికి వచ్చేయమంటా ఉండాడక్కా. కండ్లు లేకపోయినా ఇంత దూరం సదివినావు సాలమ్మా అంటాడు. నాకు సాలదక్కా.” అంది కృపారాణి. “మీరేమో పాపం చెయ్యి నొప్పెట్టేదాకా రాసినారు. నేనే ఏదో తప్పు సెప్పేసుంటాను. పదకొండో పేజీకి పదిహేనుకి ఒక మార్కంట. నకలు మీ ఫోనుకే పంపించమన్నాను. సాయంత్రం నాలుక్కి వస్తాను, మీరే సదివి వినిపించాల. మీరు సదివితే నాకు నమ్మకం. యాడ తప్పు సెప్పినానో తెలుసుకుంటే మళ్లా రాసేటప్పుడు అది సెప్పకుండా ఉంటాను.”

సెప్పకుండా ఉంటాను. అదే అదే తిరుగుతోంది. నాలుగు గంటలకు ఆ పిల్ల వచ్చి వీధి వైపు నాపరాతి అరుగు మీద కూర్చుంటుంది. రంగనాయకి ఏది చదివితే అదే ఆ పిల్లకు జవాబుపత్రం. ఆ రోజు చదివినట్టే మళ్లీ చదివితే, తను చెప్పింది చెప్పినట్టే ఉందనీ, అది తప్పు కాబట్టే మార్కులు తీసేశారనీ అనుకుంటుంది, తెలిసిన నిజాన్ని మరిచిపోవడానికి కష్టపడుతుంది. కాగితం మీద ఉన్నది చదివి ఊరుకుంటే, జ్వరంలో తనే అట్లా వాగానని నమ్ముతుంది, ఇక జన్మలో తన నోటిని తను నమ్మదు. రెంటిలో ఏది చేసినా రంగనాయకి దొరకదు. ఎవరూ పట్టుకోలేరు. సౌందరరాజన్‌కు తెలియదు, తిరుమలమ్మకు తెలియదు, యూనివర్సిటీకి తెలియదు. కళ్లున్న ఏకైక సాక్షి ఆమే. రుచి చూడకూడని ఇంట్లో గిన్నె దగ్గర నిలబడినట్టు ఉంది. ఎవరూ చూడరు కాబట్టి చెయ్యి సరిగ్గా ఉండాలని కదా ఆ నియమం.

పన్నెండున్నరకు గంట మోగింది. వకుళాదేవి ఆరగింపు పెట్టి, తలుపు చేరేసి, పెదవులు కదుపుతూ నిలబడింది. పప్పు తీరు దేవుడికి తెలిసే ఉంటుంది, ఏమీ అనలేదు.

అందరూ కూర్చున్నారు. సౌందరరాజన్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి, మంచినీళ్ల చెంబు అందుకున్నాడు. “సముద్రం నుంచి తెచ్చినారా పప్పు?” అన్నాడు. శ్రీవేద కిసుక్కున నవ్వి, వేలి చివరతో రుచి చూసి, ముఖం ముడుచుకుంది.

“నాదేలే నాయనా,” అంది వకుళాదేవి కంచం వైపే చూస్తూ. “రెండుసార్లు వేసేసినాను. వయసు మీద పడింది, జ్ఞాపకం ఉండటం లేదు. మజ్జిగ పోసుకోండి.”

రంగనాయకి చేతిలో గరిటె ఉంది. గంట క్రితం తనను అంత నిలదీసిన మనిషి, కొడుకు ముందు మాత్రం ఇంత సులువుగా తప్పు నెత్తిన వేసుకుంది. నేనే ఏదో తప్పు సెప్పేసుంటాను అని పొద్దున ఆ పిల్ల వేసుకున్నట్టే. అందరూ ఇట్లా ఆమె తప్పుల్ని ఎత్తుకుని పోతూ ఉంటే ఆమె చేతులు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటాయి. గరిటె కింద పెట్టింది.

“లేదు అత్తయ్యా. మీరు ఒకసారే వేసినారు. రెండోసారి నేను వేసినాను. అడక్కుండా వేసినాను.”

“సరే, పప్పే గదా...” అన్నాడు సౌందరరాజన్.

“పప్పు కాదు. సాయంత్రం నాలుగ్గంటలకు కృపారాణి వస్తాది. ఆ పిల్ల ఫెయిలయింది తన వల్ల కాదు, నా వల్ల. తను సరిగ్గా చెప్పింది. నేను రాయలేదు. తప్పనుకుని నాకు తెలిసింది రాసినాను. చదివి వినిపించమంటే, రాసింది దాచిపెట్టి తను చెప్పిందే చదివినాను.” తన కంచం ముందు కూర్చుంది. “ఈ రోజు పదకొండో పేజీ ఉన్నదున్నట్టు చదువుతాను. ఎందుకట్లా ఉందో చెబుతాను. వార్డెనమ్మ ముందరే చెబుతాను. రేపు ఆ పిల్లతో కలిసి యూనివర్సిటీకి పోతాను.”

శ్రీవేద నోటి దగ్గర చెయ్యి ఆగిపోయింది. సౌందరరాజన్ చెంబు మెల్లగా కింద పెట్టాడు. “తెలిసే మాట్లాడుతున్నావా? సంతకం పెట్టి ఉండావు నువ్వు. రేపు ఆ పేపరే చెల్లదంటే? నీ మీద కేసంటే? మా ఆఫీసులో నలుగురికీ తెలిస్తే? పోనీ ఆ పిల్లకైనా మంచి జరుగుతుందని గ్యారంటీ ఏముంది?”

“లేదు. అందుకే ఏం చెయ్యాలో తననే అడుగుతాను. వద్దంటే ఆగుతాను. పదమంటే పోతాను.”

వకుళాదేవి మజ్జిగ గిన్నె కోడలి కంచం వైపు జరిపింది. రంగనాయకి దాన్ని తీసుకోలేదు. పప్పే కలుపుకుంది.

“పోయి ఏమని రాసిస్తావు వాళ్లకు?” అన్నాడు సౌందరరాజన్, ఈసారి కొంచెం మెల్లగా.

“ఆ పిల్ల ఏం చెబితే అది,” అంది రంగనాయకి.